గ్రూపులో ఒక్కడే రాస్తున్నాడు, మిగతావాళ్ళు చూస్తున్నారు

ప్రశ్న: చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుని. 4, 5 తరగతులు ఒకే గదిలో కూర్చుంటారు, కలిపి 28 మంది. కలిసి పనిచెయ్యడం, సొంతంగా ఆలోచించడం వస్తాయని ఈ ఏడు ఏడుగురేసి నాలుగు గ్రూపులు చేశాను. గ్రూపుకో లీడరు. జరుగుతున్నది ఏమిటంటే, లీడరు లెక్క చేసేస్తాడు, మిగతా ఆరుగురూ చూసి ఎక్కించుకుంటారు. గోల ఎక్కువై పక్క క్లాసు సారు రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్ళారు. బాగా చదివే ఒక పిల్లవాడి నాన్న వచ్చి, "మావాడు వేరేవాళ్ళకి చెప్పేదానికా బడికొచ్చేది?" అని అడిగారు. గ్రూపులు మానెయ్యమంటారా?

సమాధానం: టీచరు గారూ, మానెయ్యకండి. కానీ ఇప్పుడు చేస్తున్న తీరు మాత్రం మార్చాలి. ఇందులో మీ పిల్లల తప్పేమీ లేదు. ఏడుగురికి కలిపి ఒక లెక్క ఇచ్చారు. అది ఒక్కడికి వస్తే చాలు, పని అయిపోతుంది. ఆ ఒక్కడు చేసేశాడు, మిగతావాళ్ళకి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, ఎక్కించుకున్నారు. జట్టుకి ఇచ్చే పని ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తి కాకూడదు. పని అయ్యాక ఎవరిని లేపి అడిగినా విడిగా చెప్పగలగాలి. పాఠం రాసుకునేటప్పుడే ఈ రెండూ ఉన్నాయో లేవో చూసుకోండి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్సన్ సోదరులు, డేవిడ్, రోజర్, కొన్ని దశాబ్దాలు ఈ విషయం మీదే పనిచేసి, జట్టు చదువుకి మూలంగా చెప్పిన అంశాల్లో ముఖ్యమైనవి ఈ రెండే.

ముందు ఏడుగురిని నలుగురు చెయ్యండి. 28 మందికి సరిగ్గా ఏడు జట్లు వస్తాయి. ఏడుగురు గుండ్రంగా కూర్చుంటే మధ్యలో కాగితం ఇద్దరికి తిన్నగా కనిపిస్తుంది, మిగతావాళ్ళకి పక్కకో తలకిందులుగానో ఉంటుంది. తనకి కనిపించని కాగితం మీద పిల్లవాడు ఎంతసేపు మనసు పెడతాడు? నలుగురిలో మాట్లాడుకోగల జంటలు ఆరు, ఏడుగురిలో ఇరవై ఒకటి. ఫ్రాన్స్‌లో వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత తాడు లాగించి చూసిన ప్రయోగం 1913లో అచ్చయింది. తాడుకి మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చింది. కొంత అందరూ ఒకే క్షణంలో లాగలేక, కొంత "ఎవరో లాగుతున్నారులే" అన్న ధీమాతో అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మీ ఏడుగురి గ్రూపులో ఉన్నది ఆ ధీమానే.

జాతరకో పెళ్ళికో వెళ్ళి కొందరు రాని రోజు ముగ్గురితో కూడా జట్టు నడుస్తుంది. 25 మంది వస్తే నలుగురేసి నాలుగు జట్లు, ముగ్గురేసి మూడు. ఐదుగురిని మాత్రం వద్దు, ఐదోవాళ్ళు ఎప్పుడూ అంచుకే జరుగుతారు.

జట్లు కట్టేటప్పుడు, తడుముకోకుండా చదవగలిగే ఏడుగురి పేర్లు ముందు రాసి జట్టుకి ఒకరిని వెయ్యండి. చదవడంలో బాగా వెనకబడినవాళ్ళు ఒకే జట్టులో ఇద్దరు పడకుండా చూడండి. మిగతావాళ్ళకి చీటీలు వెయ్యండి. ప్రాణస్నేహితులూ, నిన్న కొట్టుకున్నవాళ్ళూ ఒకచోట పడితే మార్చండి. ఆ తర్వాత నెలన్నర పాటు కదపకండి. మొదటి వారం "వాడి పక్కన కూచోను మేడం" అని కనీసం ముగ్గురైనా వస్తారు. ఒక్కరికి మార్చారంటే మరుసటి రోజు పదిమంది వస్తారు.

లీడరు అన్న మాటే తీసెయ్యండి. మన బళ్ళలో లీడరంటే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాడు. ఆ పెత్తనం జట్టులోకి వస్తే మిగతా ముగ్గురి నోళ్ళూ మూతపడతాయి. నలుగురికీ నాలుగు పనులు పెట్టండి: ఒకరు రాయాలి, ఒకరు సామాను తెచ్చి మళ్ళీ సర్దాలి, ఒకరు టైం చూడాలి, ఒకరు "నువ్వు చెప్పు, మనం ఎందుకిలా చేశాం?" అని మిగతావాళ్ళని అడిగి చూడాలి. ప్రతి సోమవారం పనులు మారాలి. నాలుగోది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ జట్టుని నిలబెట్టేది అదే. ఇంకో నియమం కూడా పెట్టండి. ఉపాయం చెబుతున్నవాళ్ళ చేతిలో పెన్ను ఉండకూడదు. చెప్పింది వేరేవాళ్ళు రాయాలి. అప్పుడు, రాసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పక తప్పదు.

ఇక అసలు పని. ఒక లెక్కని నాలుగు ముక్కలు చేసి, నాలుగు చీటీల మీద రాసి, ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. పాత పెళ్ళి కార్డుల వెనకవైపు దీనికి బాగా పనికొస్తుంది, మందంగా ఉంటుంది కాబట్టి నెల రోజులు నలగదు. ఏడు జట్లకి 28 చీటీలు. ఇదిగో, ఉన్నదున్నట్టు వాడుకోగల ఒక లెక్క:

1వ చీటీ: మన బడి నుంచి చంద్రగిరి కోట చూసేదానికి ఆడపిల్లలు 27 మంది, మగపిల్లలు 24 మంది పోతున్నారు.
2వ చీటీ: వాళ్ళతో ముగ్గురు టీచర్లు, ఒక ఆయమ్మ పోతున్నారు.
3వ చీటీ: ఒక్కో వ్యానులో డ్రైవరు కాకుండా 12 మంది పడతారు. పెద్దవాళ్ళు ఒకరైనా లేకుండా ఏ వ్యానూ కదలకూడదు.
4వ చీటీ: ఒక్కో వ్యానుకి బాడుగ 900 రూపాయలు.

బోర్డు మీద ప్రశ్న: ఎన్ని వ్యాన్లు కావాలి? బాడుగ మొత్తం ఎంత? పోయేముందు హెచ్‌ఎం గారు ఇంకేమైనా ఏర్పాటు చెయ్యాలా?

నియమం ఒక్కటే. మీ చీటీ చదివి వినిపించండి, ఎన్నిసార్లయినా. చూపించకూడదు, చేతికివ్వకూడదు. బాగా చదివే పిల్లవాడికి కూడా మిగతా ముగ్గురూ నోరు తెరిస్తే తప్ప లెక్క మొదలు కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో, నల్లజాతి పిల్లల్నీ తెల్లజాతి పిల్లల్నీ ఒకే బడిలో కలిపినప్పుడు తరగతి గదులు కొట్లాటలతో నిండిపోతే, మనస్తత్వశాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ చేసింది ఇలాంటిదే. పాఠాన్ని ముక్కలు చేసి పిల్లలకి తలా ఒకటి పంచారు. ఎదుటివాడు చెప్పేది వినకపోతే తన చదువే ఆగిపోయే పరిస్థితి తెచ్చారు.

చీటీ చదవలేని పిల్లల సంగతేమిటని మీకు అనిపించవచ్చు. దానికీ ఆయన పద్ధతిలోనే దారి ఉంది. జట్లలోకి వెళ్ళేముందు ఒకే నంబరు చీటీ ఉన్నవాళ్ళంతా ఒకచోట చేరాలి. ఏడుగురు ఉంటారు కాబట్టి ముగ్గురూ నలుగురూగా విడదీయండి. ఐదు నిమిషాలు ఆ చీటీ పైకి చదువుకుని, దాని అర్థం మాట్లాడుకోవాలి. కూడబలుక్కుని చదివే పిల్ల కూడా అక్కడ నాలుగుసార్లు విని, రెండుసార్లు చదివి, తన జట్టులోకి ధైర్యంగా వస్తుంది. ఈ ఐదు నిమిషాలు మిగుల్చుకుందామని ఎగరగొట్టారంటే, చీటీలు బాగా చదివేవాడి చేతికి పోయి కథ మళ్ళీ మొదటికే వస్తుంది. తిరుగుతున్నప్పుడు నేల మీద తెరిచి పడున్న చీటీలు ఎక్కడైనా కనిపిస్తే, ఆ జట్టులో ఒక్కరే పని చేస్తున్నారని లెక్క.

ఇప్పుడు జరిగేది చూడండి. 27, 24 కలిపి 51. పెద్దవాళ్ళు నలుగురితో 55. పన్నెండుతో భాగిస్తే 4, శేషం 7. చాలా జట్లు అదే రాసి చేతులు కట్టుకుని కూర్చుంటాయి. మీరు తప్పనీ అనొద్దు, ఒప్పనీ అనొద్దు. "ఆ ఏడుగురూ ఎక్కడ కూచుంటారు?" అని అడిగి పక్క జట్టు దగ్గరికి వెళ్ళిపోండి. అక్కడే నిలబడితే నాలుగు ముఖాలూ మీ ముఖం వైపే తిరుగుతాయి. మీరు వెళ్ళిపోతే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఐదో వ్యాను వస్తుంది, బాడుగ 4,500 అవుతుంది. ఇంకా అయిపోలేదు. వ్యాన్లు ఐదు, పెద్దవాళ్ళు నలుగురే. మూడో చీటీ చదివిన పిల్ల ఆ రెండో వాక్యం మళ్ళీ చదివితేనే ఇది బయటపడుతుంది. ఇంకొకరిని తీసుకెళ్ళాలి, 56 మందికి ఐదు వ్యాన్లు చాలతాయి. త్వరగా ముగించిన జట్టుకి ఇంకోటి ఇవ్వండి: బాడుగ 51 మంది పిల్లలే సమానంగా వేసుకుంటే తలా ఎంత? 88 చొప్పున 4,488, పన్నెండు రూపాయలు తక్కువ. 89 చొప్పున 4,539, ముప్పై తొమ్మిది మిగులు. ఆ మిగిలిన డబ్బు ఏం చెయ్యాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

పిరియడు 40 నిమిషాలనుకుంటే, ప్రశ్న చెప్పడానికి మూడు, ఒకే నంబరు వాళ్ళకి ఐదు, జట్లకి పదిహేను, జట్లు చెప్పడానికి పది. జట్టు తరఫున ఎవరు చెప్పాలో మీరు ముందే చెప్పకండి. ఒకటి నుంచి నాలుగు అంకెలు రాసిన చీటీల్లో ఒకటి తియ్యండి. 3 వచ్చిందంటే ప్రతి జట్టులో మూడో చీటీవాళ్ళు లేవాలి. ఎవరు లేవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి నలుగురూ నేర్చుకుంటారు. మిగిలిన ఏడు నిమిషాల్లో అందరికీ విడివిడిగా చిన్న కాగితం ముక్క ఇచ్చి ఇలాంటి లెక్కే పెట్టండి: మధ్యాహ్న భోజనానికి 74 కోడిగుడ్లు కావాలి, ఒక్కో అట్టలో 30 ఉంటాయి, ఎన్ని అట్టలు తేవాలి? ఎక్కువమంది "2, శేషం 14" అని రాశారంటే, జట్లలో జవాబు చేతులు మారింది తప్ప ఆలోచన మారలేదని అర్థం. మూడు రోజుల తర్వాత వేరే చీటీలతో మళ్ళీ చెయ్యండి. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో చేసే మూల్యాంకనం) మార్కులు వెయ్యాలంటే ఈ విడి కాగితం చూసి వెయ్యండి. జట్టు మొత్తానికి ఒకే మార్కు వేస్తే, పని చేసినవాడికీ కోపం, చెయ్యనివాడికీ అలవాటు.

గోల గురించి. మాట్లాడమని మనమే చెప్పాక మాటలు వినిపిస్తాయి, అది మంచిదే. అరుపుగా మారకుండా చూడాలి. మొదటి వారం చీటీల జోలికే వెళ్ళకుండా, ఒకే జట్టులోని ఇద్దరిద్దరిని జంటలు చేసి రోజూ రెండుసార్లు రెండేసి నిమిషాలు మాట్లాడించండి. ప్రశ్న వేశాక ముందు అర నిమిషం ఎవరికి వాళ్ళు ఆలోచించాలి, తర్వాతే పక్కవాళ్ళతో మాట. అమెరికాలో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన 1981లో చెప్పిన ఈ పద్ధతికి ఖర్చు లేదు, సామాను అక్కర్లేదు. ఆ వారమే సైగ కూడా నేర్పండి. మీరు చెయ్యి పైకెత్తితే చూసినవాళ్ళంతా ఎత్తి మాట ఆపాలి. పది అంకెలు లెక్కపెట్టేలోపు గది నిశ్శబ్దం కావాలి. ఊరికే మూడు రోజులు ఆటలా సాధన చేయించండి. గొంతు ఎత్తి "సైలెన్స్" అనడం మీరు మొదలుపెడితే సైగ చచ్చిపోతుంది. రెండో వారం ఆ జట్టులోని రెండు జంటల్నీ కలిపి నలుగురిని చెయ్యండి, మూడో వారం చీటీలు. గుండ్రంగా కింద కూర్చోబెడితే మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉండాలి. దూరం పెరిగితే గొంతు పెరుగుతుంది. ఇరుకు గదిలో బల్లలు జరపడానికి పదినిమిషాలు పాడుచెయ్యకండి, ముందు బల్లవాళ్ళు వెనక్కి తిరిగితే చాలు. వరండాలోకో చెట్టుకిందకో పోతే చీటీల మీద పెట్టడానికి గులకరాళ్ళు తీసుకెళ్ళండి.

ఒకడే మాట్లాడేస్తుంటే చింతగింజలు పంచండి, తలా మూడు. నోరు తెరిచిన ప్రతిసారీ ఒక గింజ మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోతే, మిగతావాళ్ళ గింజలు అయ్యేదాకా ఆగాలి. అందరివీ అయ్యాక మళ్ళీ పంచుకోవచ్చు. మొదటిరోజు మాటకారి పిల్లలు నిమిషంలో మూడూ పెట్టేసి గిలగిలలాడతారు. రెండోరోజుకి, ఏ మాటకి గింజ పెట్టాలా అని ఆలోచిస్తారు. రెండు వారాలకి మించి దీన్ని వాడకండి, ఆ తర్వాత పిల్లలు లెక్క వదిలేసి గింజల లెక్కలో పడతారు.

"మేడం, ఇదెట్లా చెయ్యాలి?" అని ఒక పిల్ల లేచి వస్తే వెంటనే చెప్పకండి. జట్టులో నలుగురికీ ఆ సందేహం ఉంటేనే మీ దగ్గరికి రావాలని ముందే చెప్పి ఉంచండి. మీరు వెళ్ళినప్పుడు, అడిగిన పిల్లని కాకుండా పక్కనున్నవాళ్ళని "మీ జట్టుకి ఏం అర్థం కాలేదు?" అని అడగండి. చెప్పలేకపోతే ముందు మీలో మీరు మాట్లాడుకోండని వచ్చెయ్యండి. సందేహాల్లో చాలావరకు అక్కడే తీరిపోతాయి. గోడమీద నాలుగు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి: ఏం అడిగారు? మనకేం తెలుసు? ఎట్లా చేద్దాం? వచ్చింది సరిపోయిందా? లెక్కని ఛేదించే దారిని గణితవేత్త జార్జి పోల్యా 1945లో నాలుగు మెట్లుగా చెప్పారు, ఇవి వాటిని బట్టి పిల్లల భాషలో పెట్టుకున్నవి. పిల్లలు నాలుగోది ఎప్పుడూ దాటేస్తారు. "శేషం 7" దగ్గర ఆగిపోయేది అందుకే.

అంకెలతోనే విసుగు రాకుండా పదిహేను రోజులకొకసారి చేత్తో చేసే పని పెట్టండి. జట్టుకి రెండు పాత న్యూస్‌పేపరు షీట్లు, మూరెడు సెల్లోటేపు. రెండు బల్లల మధ్య స్కేలంత ఎడం, అంటే 30 సెంటీమీటర్లు. ఆ ఎడం మీద వంతెన కట్టాలి, దానిమీద ప్లాస్టిక్ గ్లాసు పెట్టి గులకరాళ్ళు ఒక్కొక్కటే వేస్తూ లెక్కపెట్టాలి. టేపుతో బల్లకి అంటించకూడదు. మొదటి మూడు నిమిషాలు చేతులు వెనక్కి, మాటలే. లేకపోతే చురుకైన పిల్లవాడు కాగితం లాక్కుని మడతపెట్టడం మొదలెడతాడు, మిగతావాళ్ళు ప్రేక్షకులవుతారు. ఎక్కువ జట్లు కాగితాన్ని పరిచినట్టు వేస్తాయి, గ్లాసు పెట్టగానే కుంగిపోతుంది. "విసనకర్రలా మడవండి, గొట్టంలా చుట్టండి" అని చెప్పాలని మీ నాలుక మీదికి వస్తుంది, ఆపుకోండి. కూలిన వంతెన ఎక్కడ ముందు వంగిందో చూడమనండి చాలు. కొత్త కాగితాలిచ్చి రెండోసారి తప్పకుండా కట్టించండి. టైం లేదని ఒక్కసారితో ఆపేస్తే అది ఆటగానే మిగిలిపోతుంది. ఏ జట్టు గెలిచిందో బోర్డు మీద రాయకండి, ప్రతి జట్టూ మొదటిసారి ఎన్ని రాళ్ళు మోసింది, రెండోసారి ఎన్ని అన్నది రాయండి.

ఆ నాన్నగారి కోపంలో న్యాయం ఉంది. వాళ్ళబ్బాయి జవాబులు పంచుతున్నాడు, దానివల్ల అతనికీ లాభం లేదు, తీసుకున్నవాళ్ళకీ లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నోరీన్ వెబ్ పిల్లల జట్ల మాటలు ఏళ్ళ తరబడి గమనించి చెప్పింది ఇదే. ఎందుకో, ఎలాగో విడమరిచి చెప్పిన పిల్లలు బాగా నేర్చుకుంటారు. ఉత్త జవాబు అందుకున్నవాళ్ళు నేర్చుకోరు. కాబట్టి జవాబు చెప్పడం మానిపించి, దారి చెప్పించండి. ఆ నాన్నగారిని ఒకరోజు పిలిచి వాళ్ళబ్బాయి విడి కాగితాలు నెల క్రితంవీ ఇప్పటివీ చూపించండి. వీలైతే ఒక పిరియడు వెనక బల్లమీద కూర్చోమనండి.

రెండు తరగతులు ఒకే గదిలో ఉండడం ఇబ్బందే గానీ దీనికి అడ్డం కాదు. ప్రతి జట్టులో రెండు తరగతులవాళ్ళూ ఉండేలా చూడండి. జట్టు లెక్క ఒకటే, చివరి విడి కాగితం మాత్రం వేరు. నాలుగో తరగతికి గుడ్ల అట్టలు, ఐదో తరగతికి అదే లెక్క అట్ట ధరతో కలిపి. మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వాళ్ళు చుట్టుపక్కల పల్లెబళ్ళ కోసం తయారుచేసిన పద్ధతి చూడదగ్గది. పాఠాలు కార్డులుగా, కార్డులు ఒక నిచ్చెనగా ఉంటాయి. ఎవరి మెట్టు వాళ్ళకుంటుంది. టీచరు సాయంతో చేసేవాళ్ళు ఒక గుంపు, తోటిపిల్లల సాయంతో చేసేవాళ్ళు ఒక గుంపు, సొంతంగా చేసేవాళ్ళు ఒక గుంపు. తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్ళలో వచ్చిన కార్డుల చదువుకి స్ఫూర్తి ఇక్కడిదే.

ప్రతి పిరియడూ జట్లు పెట్టకండి. కొత్త విషయం మీరే బోర్డు దగ్గర చెప్పడం మంచిది. లెక్కల్లో వారానికి రెండు రోజులు, పరిసరాల విజ్ఞానంలో ఒక రోజు చాలు. జట్టులో పిల్లలు ఏ భాషలో వాదించుకున్నా పర్వాలేదు. పుస్తకంలో ఎదురు పేజీ ఇంగ్లీషే కావచ్చు, ఆలోచన తెలుగులో సాగనివ్వండి. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలుంటే ఆ భాషలోనే చెప్పుకోనివ్వండి. అందరి ముందూ చెప్పేటప్పుడు మీరు కోరిన భాష అడగండి.

ఇన్ని చేసినా నోరు విప్పని పిల్ల ఒకరు మిగులుతారు. ఆ పిల్లకి ఏది బాగా చేతనవునో వారం రోజులు గమనించండి. ముగ్గు గీతలు తిన్నగా వేస్తుందా, కొట్టుకెళ్ళి చిల్లర లెక్క సరిగ్గా తెస్తుందా, మడత కుదురుగా పెడుతుందా. అది అవసరమయ్యే పని జట్టుకి ఇచ్చి, జట్టు వింటుండగా ఉన్నమాట చెప్పండి: "ఈ వంతెన అంచు వంగకుండా మడిచింది ఈ పాపే, ఎట్లా మడిచిందో అడిగి చూడండి." పొగడ్త నిజమై ఉండాలి, అబద్ధం పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆ తర్వాత మిగతా ముగ్గురూ అడగడం మొదలెడతారు, అడిగినవాళ్ళకి ఆ పిల్ల మొదట చేత్తో చూపిస్తుంది. మాట వచ్చేదానికి ఇంకో రెండు మూడు వారాలు పట్టవచ్చు, ఈలోగా అంకె చీటీలో ఆమె నంబరు వచ్చిన రోజు లేపి నిలబెట్టకుండా కూర్చునే చెప్పమనండి.